చిన్నరాజ్యములకు కోట యెక్కడ?

సాయంకాలమున పత్రిక చేతబట్టుకొని లోకవార్తలు మాటలాడుకొను ఇండ్లు మన దేశమున వేలకొలది కలవు. అట్టి యింట నేపాళము పేరు గాని, సింహళము పేరు గాని, మాల్దీవుల పేరు గాని వినవచ్చినచో దాని వెనువెంటనే వచ్చు ప్రశ్న యొక్కటియే: "వారు మన పక్షమా, చైనా పక్షమా?" ఆ దేశమున పంట లెట్లున్నవో, బొక్కస మెట్లున్నదో, మంత్రులు ఎంతకాలము నిలుచుచున్నారో ఎవరును అడుగరు. ప్రశ్న వెనుక నొక నిట్టూర్పు కూడ వచ్చును: "ఎంత చేసినను కృతజ్ఞత లేని జనము!" మా తరగతిలో పదునాలుగేండ్ల బాలుడొకడు మొన్న పటము ముందు నిలుచుండి యీ వాక్యమునే పాఠమప్పజెప్పినట్లు చెప్పెను. మేము వానిని మందలింపలేదు. వాడు తన తండ్రి మాట చెప్పెను. తండ్రి తాను చదివిన పత్రిక మాట చెప్పియుండును. ఈ వ్యాసము ఆ తండ్రి కొఱకును, ఆ పత్రిక కొఱకును వ్రాయుచున్నాము.

మా వాదము సంగ్రహముగా నిది. పెద్దరాజ్యముల స్పర్ధ నడుమ చిక్కిన చిన్నరాజ్యమునకు రక్షణము ఒక పెద్దవాని చేయి పట్టుకొనుటయందు లేదు. ఇద్దఱు పెద్దవారిని ఒకరిపై నొకరిని ఉసికొల్పి నడుమ లాభము తీయుటయందును లేదు. అది తన బొక్కసము తన చేతిలో నుండుటయందును, తన ప్రజలలో నేవర్గమువారును తాము పరాయివారమని తలంపకుండుటయందును ఉన్నది. ఈ రెండును లేనినాడు మిత్రుడే యజమానుడగును. ఇవి యున్ననాడు శత్రువు సయితము బేరమాడవలసివచ్చును. ఇందుండి మనకు చెందిన మాట మఱియొకటి పుట్టుచున్నది: పొరుగున నున్న చిన్నరాజ్యముల లోపలి గోడలను తన లాభము కొఱకు కదలించు పెద్దరాజ్యము తన సరిహద్దునే బలహీనము చేసికొనుచున్నది.

ఈ సమస్య క్రొత్తది కాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున దుర్బలుడైన రాజు కొఱకు ప్రత్యేకముగా నొక యధికరణమునే కేటాయించెను. దానికి ఆబలీయసమని పేరు. బలవంతుడు పైబడినపుడు దుర్బలుడేమి చేయవలెను? ఎల్లయెడల వంగి బ్రదుకవలెనని భారద్వాజుని మతము. ఉన్న బలమంతయు కూడగట్టుకొని పోరవలెనని విశాలాక్షుని మతము. కౌటిల్యుడు రెంటిని త్రోసివేసి, అట్టి రాజు మఱియొక బలవంతుని యాశ్రయింపవలెను, లేదా పరులకు చొరరాని దుర్గమును ఆశ్రయింపవలెను అని తేల్చెను. నేటి రాజనీతిజ్ఞులు ఇందులో మొదటి సగమును మాత్రము గ్రహించిరి. ఎవనిని ఆశ్రయింపవలెనను చర్చయే చర్చ. దుర్గము మాట యెవరి నోటను రాదు.

అదే శాస్త్రమున రాజ్యమునకు ఏడంగములు చెప్పబడినవి: స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. మిత్రుడు తుదివాడు. ఈ వరుస యాదృచ్ఛికము కాదు. ముందరి యంగమునకు వచ్చిన చేటు వెనుకటి యంగమునకు వచ్చిన చేటుకంటె ఘోరమని కౌటిల్యుడు పూర్వాచార్యులతో వాదించి మఱీ నిలిపెను. మన పత్రికల చర్చయో ఈ వరుసను తలక్రిందులు చేసి, తుది యంగముతో నారంభించి అక్కడనే ముగించుచున్నది. ఈ కాలమున కొండమీది రాతికోట యెవరిని కాపాడదు. కాని కోశము, జనపదము కలిసి కట్టిన గోడ యేదో, అదియే నేటి దుర్గమని మా యభిప్రాయము.

ఆశ్రయమునకు వెల యెంతో తెలుగువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. 1753 వ సంవత్సరమున సలాబతు జంగు తన్ను సింహాసనమున నిలిపిన బుస్సీ సేనకు జీతములీయలేక ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులను ఫ్రెంచివారికి వ్రాసియిచ్చెను. నాలుగేండ్లకు విజయనగరపు రాజు అదే బుస్సీని తోడు తెచ్చుకొని బొబ్బిలికోటమీద పగ తీర్చుకొనెను. కొలదిదినములలోనే తాండ్ర పాపారాయని చేత తన గుడారములోనే హతుడయ్యెను. పొరుగువాని కోట కూలెను, తన ప్రాణము పోయెను. మిగిలినవాడు పిలువబడి వచ్చిన పరదేశీయుడు.

అంతటితో పాఠము వంటబట్టలేదు. 1798 లో నిజాము ఇంగ్లీషువారి సైన్యసహాయమును అంగీకరించి తన కొలువులోని ఫ్రెంచి సేనను తొలగించెను. ఒక రక్షకుని వదలించుకొనుటకు మఱియొక రక్షకుని పిలిచెనన్నమాట. రెండేండ్లలో ఆ సేన ఖర్చుక్రింద బళ్ళారి, అనంతపురము, కడప సీమలును, కర్నూలు సీమలో కొంత భాగమును ఇంగ్లీషువారి పాలయ్యెను. 1853 లో సేన బకాయిల క్రిందనే బీరారు పోయెను. నిజాము రాజ్యము విస్తీర్ణమున చిన్నది కాదు, కోశమున చిన్నది. ఇంగ్లీషువారు ఆ సీమలకు పెట్టిన పేరును మనము దత్తమండలములని తెలిగించుకొని, 1928 నంద్యాల సభనాడు రాయలసీమ యను పేరు దొరకు వఱకును అదే పేరుతో పిలుచుకొంటిమి. దత్తము చేసినవాడు ఆ నేల దున్ను రైతును ఒక్కమాట యడుగలేదు. ఈ చరిత్రము చదివిన జాతి, నేడు పొరుగు దేశములను చూచి "మా గొడుగు క్రిందికి రారేమి?" అని యాశ్చర్యపడుట మాకు ఆశ్చర్యము.

ఇక నేటి సంగతికి వత్తము. సింహళమున హంబనతోట రేవును 2017 లో చైనా సంస్థ కొకదానికి 99 యేండ్ల కౌలునకిచ్చిరి. అప్పు అను వలపన్ని చైనా రేవును లాగికొన్నదని మన యిండ్లలో చెప్పుకొనుచున్నాము. వాస్తవ మంతకంటె విచారకరము. కౌలువలన వచ్చిన సుమారు 112 కోట్ల డాలర్లతో రేవు కొఱకు తెచ్చిన అప్పు తీఱలేదు. ఆ సొమ్ము విదేశద్రవ్యపు నిల్వలు నింపుకొనుటకు పోయినది. రేవు చేయి మాఱెను, అప్పు నిలిచియుండెను. ఆ దేశపు పరఋణములలో చైనా పాలు సుమారు అయిదవవంతు. అంతకంటె పెద్దపాలు పాశ్చాత్య విపణులలో అధికవడ్డీకి అమ్మిన ఋణపత్రములది. పాత పత్రములకు గడువు వచ్చినప్పుడెల్ల క్రొత్త పత్రములు అమ్మి తీర్చుచుండిరి. ఇట్టి స్థితిలో 2019 డిసెంబరున క్రొత్త ప్రభుత్వము వచ్చి జనరంజనము కొఱకు విలువపై వేయు పన్నును నూటికి 15 నుండి 8 కి దించెను. మహమ్మారి వచ్చి యాత్రికుల రాకను మాన్పెను. 2021 లో రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్కపెట్టున నిషేధించి, పంట దెబ్బతినిన పిదప అదే యేడు ఆ నిషేధమును వెనుకకు తీసికొనిరి. 2022 ఏప్రిలు 12 న విదేశ ఋణములు కట్టలేమని ప్రకటించిరి. ఇంధనము కొఱకు జనులు దినములతరబడి వరుసలలో నిలిచిరి. జూలైలో అధ్యక్షుడు దేశము విడిచిపోయెను. ఇంతయు జరుగుటకు ఏ పరదేశపు సేనయు ఆ ద్వీపమున అడుగు పెట్టనక్కఱ లేకపోయినది.

బొక్కసము వట్టిపోయిన రాజ్యమునకు "వలదు" అను మాట పలుకు శక్తి యుండదు. అదే యేడు ఆగస్టున యువాన్ వాంగ్-5 అను చైనా నౌక హంబనతోటకు రాదలచెను. అది ఉపగ్రహములను, క్షిపణులను కనిపెట్టు పరికరములు గలది. మనము ఆక్షేపించితిమి. సింహళము మొదట రాకను వాయిదా వేయుమనెను, పిదప రానిచ్చెను. ఆ యేడు మన దేశము ఇంధనము, మందులు, ఆహారము, అప్పుల రూపమున సుమారు 400 కోట్ల డాలర్ల సహాయము చేసియుండెను. చైనాయో పెద్ద ఋణదాత. ఒక ఋణదాత తలుపు తీయుమనెను, ఒక ఋణదాత మూయుమనెను. ఇంటి యజమానుడు గడియ చేతబట్టుకొని ఇద్దఱి ముఖములు చూచుచుండెను. ఆ దృశ్యమును చూచి మన పత్రికలు కృతఘ్నతయని వ్రాసినవి. మాకది దారిద్ర్యమని తోచినది.

ఇందులకు తరువాత కథ యొకటి కలదు. దానిని మన పత్రికలు అంతగా పట్టించుకొనలేదు. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధితో ఒప్పందము కుదిరి పన్నులు మరల హెచ్చించిరి, లెక్కలు కొంత కుదుటపడినవి. 2024 వ సంవత్సరమంతయు ఏ దేశపుదైనను సరే, పరదేశ పరిశోధననౌకలకు తమ జలములలో పరిశోధన సేయ ననుమతి లేదని ఆ రాజ్యము నియమము చేసెను. చైనా నౌక యనలేదు, భారతపు ఆక్షేపణ యనలేదు. అందఱికి వర్తించు నియమము పెట్టెను. ఎవని ముఖము చూచి చేసిన నిర్ణయమైనను రెండవవానికి అవమానముగా తోచును. నియమము ఎవని ముఖమును చూడదు. చిన్నరాజ్యపు దుర్గమునకు ఇట్టి నియమములే రాళ్లు.

మాల్దీవుల సంగతి కొలది మాటలలో చెప్పుదుము. 2023 ఎన్నికలలో భారతీయ సైనికులు వెడలిపోవలెనను నినాదపు గాలిలో ముయిజ్జూ అధ్యక్షుడయ్యెను. 2024 మే నెలలోపల నూఱుమందికి లోపున నున్న ఆ సైనికులు వెడలిరి. వారి హెలికాప్టర్లు నడపుటకు మన దేశపు సామాన్య నిపుణులు వచ్చిరి. అక్టోబరున ఆ యధ్యక్షుడే ఢిల్లీకి వచ్చి 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయలు అవసరమునకు తీసికొనుటకు ద్రవ్యవినిమయపు టొప్పందము చేసికొనెను. నినాదము సైనికులను పంపగలిగెను గాని అప్పుల గడువును పంపలేకపోయెను. ఆయనను చూచి నవ్వినవారు మన దేశమున పెక్కుమంది. నవ్వవలసినది నినాదమును చూచి. అట్టి నినాదములకు మన దేశమునను కొఱత లేదు.

కోశము సంగతి యిట్లుండగా, జనపదము సంగతికి నేపాళము చక్కని నిదర్శనము. ఆ రాజ్యమును కూర్చిన పృథ్వీనారాయణ షా తన దేశమును రెండు బండల నడుమ నున్న పెండలముతో పోల్చెనని నేటికిని చెప్పుకొందురు. పోలిక చక్కనిది. కాని పెండలము బండల యొత్తిడివలన నణగుటకంటె ముందుగా లోపలి కుళ్లువలన చెడును. దీనిని ఆ దేశపు నాయకులు మఱచిరి. 2015 ఏప్రిలు 25 నాటి భూకంపమున ఇంచుమించు తొమ్మిదివేలమంది మరణించిరి. ఆ దుఃఖము చల్లారకముందే, సెప్టెంబరు 20 న క్రొత్త రాజ్యాంగము ప్రకటితమయ్యెను. దక్షిణపు మైదానమున నున్న మధేశీయులును థారువులును ఆ రాజ్యాంగము తమకు న్యాయము చేయలేదని మొఱపెట్టిరి. అల్లర్లలో పదులకొలది ప్రాణములు పోయెను. కొండవారికిని మైదానపువారికిని నడుమ ఏండ్లతరబడి మానని గాయమది. పిమ్మట సరిహద్దు దారులు మూతపడినవి. ఇంచుమించు అయిదు నెలలు ఇంధనము, వంటగ్యాసు, మందులు అరకొఱగా వచ్చినవి. భూకంపమున ఇల్లు కూలినవారు గుడారములలో చలికాలము గడపిరి.

దారి మూసినది మధేశీయులే, తాము కాదని మన ప్రభుత్వము చెప్పెను. నేపాళమున దానిని నమ్మినవారు తక్కువ. నమ్మకపోవుటకు కారణము కలదు. 1988 లో నేపాళము చైనాయొద్ద ఆయుధములు కొనినది. 1989 మార్చిలో వ్యాపార, రవాణా ఒప్పందముల గడువు తీఱినపుడు, పదునైదు దారులలో రెండు తప్ప తక్కినవన్నియు మూయబడినవి. ఆ జ్ఞాపకము ఆ దేశపు ప్రతి వంటయింటను ఉన్నది. ఏ స్త్రీ కట్టెలపొయ్యి మరల రాజేసికొని పొగలో వంట చేసికొనెనో, ఆమెకు రాజ్యతంత్రము చెప్పి నమ్మింపగలవారెవరు?

ఫలమేమి? 2016 మార్చిలో నేపాళ ప్రధాని బీజింగునకు పోయి చైనా రేవుల మీదుగా సరకు తెచ్చుకొనుటకు ఒప్పందము చేసికొనెను. ఆ రేవులు మూడువేల కిలోమీటర్లకు మించిన దూరమున, హిమాలయముల కావల నున్నవి. కలకత్తా రేవు నేపాళపు సరిహద్దునకు ఏడువందల కిలోమీటర్ల కటునిటుగా నున్నది. ఆ దారిని సరకు వచ్చుట బహు స్వల్పము. ఐనను ఆ కాగితమునకు ఆ దేశమున కలిగిన గౌరవము, మనము చేసిన భూకంపసహాయమునకు మిగులలేదు. భూకంపమునాడు గంటలలో మన విమానములు ఖాట్మండున దిగినవి. అయిదు నెలల దారిమూత ఆ పుణ్యమును తుడిచివేసినది. దీనికి విరుద్ధముగా 2019 లో మోతీహారినుండి అమ్లేఖ్‌గంజ్ వఱకు 69 కిలోమీటర్ల నూనెగొట్టము వేసి ఇచ్చితిమి. ఏ యుపన్యాసమును చేయని ఆ గొట్టము మన పక్షమున నిత్యము పనిచేయుచున్నది.

కాని తప్పంతయు మనపై వేసికొనుటయు సత్యము కాదు. 2008 లో రాచరికము పోయినది మొదలు 2025 వఱకు నేపాళమున పన్నెండింటికి మించి మంత్రివర్గములు మాఱినవి. ఒక నాయకుడు గద్దెనెక్కిన ఉత్తరమువైపును, దిగిన దక్షిణమువైపును చూచుట యలవాటైనది. పరరాజ్యనీతి యనునది ఇంటిలోని ప్రత్యర్థిని పడగొట్టు కఱ్ఱగా మాఱినది. 2025 సెప్టెంబరున లంచములమీదను, నాయకుల బిడ్డల విలాసములమీదను, ప్రజలు మాటలాడుకొను సాధనములను మూసిన యాజ్ఞమీదను యువజనులు వీథికెక్కిరి. ప్రభుత్వము తుపాకులు ప్రేల్చెను, డెబ్బదిమందికి పైగా ప్రాణములు పోయెను, పార్లమెంటు భవనము కాలిపోయెను, ప్రధాని దిగిపోయెను. "దీని వెనుక ఏ పెద్దరాజ్యమున్నది?" అని మన పత్రికలు వెదకినవి. ఉద్యోగము దొరకక పొట్ట చేతబట్టుకొని పరదేశములకు పోవలసిన యువకుని యాగ్రహమునకు పరదేశపు ప్రేరణ కావలెనా? అమాత్యులు చెడిన రాజ్యమున మొదట తిరుగబడువారు సొంత బిడ్డలే.

భూటాను మార్గము వేఱు. అది చైనాతో రాయబారములు పెట్టుకొనక, భారతముతో స్నేహమునే నమ్ముకొని, తొందరపడక నడచినది. 1949 సంధిలో పరరాజ్యవ్యవహారములందు భారతపు సలహాను అనుసరింతునని ఒప్పుకొన్న భూటాను, 2007 లో ఆ షరతును తొలగించుకొని క్రొత్త సంధి చేసికొనగలిగెను. ఆ సంధిని మార్చుటకు అంగీకరించిన మన ప్రభుత్వమును మేము మెచ్చుచున్నాము. మార్చినందున మన కేమియు నష్టము రాలేదు. 2017 లో డోక్లామున భూటాను తనదని చెప్పు నేలమీద చైనా దారి వేయబూనగా మన సేన అడ్డుపడి, రెండు సేనలు 73 దినములు ఎదురెదురుగా నిలిచినవి. ఆ నడుమ భూటాను తక్కువ మాటలాడెను. మాటలాడినంత స్పష్టముగా మాటలాడెను. ఐతే ఆ రాజ్యపు గోడలోను ఒక పెద్ద బీట కలదు. 1990 ప్రాంతమున దక్షిణపు నేపాళీభాషీయులను వెడలగొట్టగా లక్షకు పైగా జనులు నేపాళపు శిబిరములలో ఏండ్లతరబడి మ్రగ్గిరి. వారిలో అధికులు పిదప అమెరికా మొదలగు దూరదేశములకు పోయిరి. దేశరక్షణము పేరిట జనపదమును నఱకుకొనుట రక్షణము కాదని భూటానును మెచ్చువారు కూడ చెప్పవలసియున్నది.

ఇచ్చట కొందఱు మమ్ము ప్రశ్నింతురు: "బొక్కసము, సమరసభావము, నియమము ఇవి సుభాషితములు. ఏనుగు తొక్కవచ్చినపుడు చీమపుట్ట శుభ్రముగా నున్న నేమి, లేకున్న నేమి?" ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 1839 లో అయిదు మహారాజ్యములు చేవ్రాలు చేసి బెల్జియము తటస్థతను కాపాడుదుమని మాట యిచ్చిరి; 1914 లో వారిలో నొకరి వారసులైన జర్మనులే ఆ దేశమును త్రొక్కిరి. కాగితము కోట కాదని మేమును ఒప్పుదుము. కాని ఫిన్లాండు కథ వినుడు. 1918 లో ఆ దేశమున ధనికపక్షమునకును శ్రామికపక్షమునకును అంతర్యుద్ధము జరిగి ముప్పదివేలకు పైగా మరణించిరి. పగ అట్లే నిలిచియున్నచో పొరుగు మహారాజ్యమునకు ఇంటిలోనే సేన దొరకియుండును. వారు కౌలురైతులకు భూములిచ్చిరి. ఓడిన పక్షపు సోషలిస్టులు ఎనిమిదేండ్లలోనే, 1926 లో, మంత్రివర్గము కట్టిరి. 1939 నవంబరున సోవియటు సేన వచ్చినపుడు ఆ శ్రామికులే తుపాకి పట్టి మంచులో నిలిచిరి. 105 దినముల పోరు పిదప ఫిన్లాండు తన నేలలో ఇంచుమించు పదియవవంతు కోల్పోయెను. నాలుగులక్షలమంది ఇల్లు విడిచి రావలసివచ్చెను. కాని రాజ్యము నిలిచెను. అదే కాలమున ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాలు పోరక సోవియటు స్థావరములకు చోటిచ్చి, 1940 లో రాజ్యములనే కోల్పోయెను. దుర్గము దెబ్బ తగులకుండ చేయునని మేము చెప్పలేదు. దెబ్బ తగిలిన పిదప మిగులునట్లు చేయును.

"చైనా చేయు పనులు మీ కంటికానవా?" అనియు నడుగుదురు. ఆనుచున్నవి. భూటాను తనదని చెప్పు లోయలలో చైనా గ్రామములు కట్టినది; అప్పుల షరతులు బయలుపడకుండ ఒప్పందములు వ్రాయించుకొనినది. దానిని సాధువని మేము చెప్పము. కాని ఎదుటివాని లోభము మన యౌదార్యమునకు ప్రమాణపత్రము కాదు. కౌటిల్యుడు బలవంతులను మూడు తెగలుగా విభజించెను: నమ్రతతో తృప్తిపడు ధర్మవిజయి, భూమి ధనములతో తృప్తిపడు లోభవిజయి, ప్రాణముల వఱకును కోరు అసురవిజయి. మనము ధర్మవిజయులమని మనకొక నమ్మకము. ఒక్క సంగతి మఱువకుడు: ధర్మవిజయియు విజయియే, వానికిని ఎదుటివాడు వంగవలెను. మనము ఇండ్లలో కూరుచుండి కోరు ఆ "కృతజ్ఞత" యేదో, అది ఆ నమస్కారమే. సమానునియొద్ద ఎవరును కృతజ్ఞత బాకీ వసూలు చేయరు.

కావున చేయదగిన పనులు కలవు. సముద్రములేని పొరుగుదేశమునకు దారి యిచ్చుట దయాధర్మము కాక హక్కుగా నుండవలెను. కోపము వచ్చినపుడు మూయు తలుపుగా నుండరాదు. అప్పిచ్చినపుడు షరతులు రెండు దేశముల ప్రజలకును తెలియునట్లు ప్రకటింపవలెను. అట్లు చేసిననాడే చైనా గోప్యతను ఆక్షేపించు నోరు మనకుండును. పాత సంధులను విచారింపుమని పొరుగువారు కోరినపుడు విచారింపవలెను. 1950 నాటి నేపాళ సంధిని, తక్కిన సంబంధములను పరిశీలించుటకు ఇరుదేశముల ప్రముఖులతో కూడిన సంఘము 2016 లో ఏర్పడి, 2018 లో తన నివేదికను ముగించెను. ఏడేండ్లు గడచి 2025 వచ్చినను ఆ నివేదికను ప్రధానులు స్వీకరింపలేదు. ఆహ్వానించి వ్రాయించుకొన్న కాగితమును అందుకొనుటకే చేయిరాని పొరుగువాడు, "మీరు మమ్ము నమ్మరేమి?" అని యడుగ తగునా?

చిన్నరాజ్యములకును మా మాట యొక్కటి కలదు. ఏ పెద్దరాజ్యము మీకు ఉచితముగా ఆనకట్టయో, రేవో, విమానాశ్రయమో కట్టియిత్తునన్నను, దాని ఖర్చు మీ మనుమలు ఏ పన్నునుండి కట్టుదురో మీ శాసనసభలో ముందు చర్చించుడు. మీ దేశమున ఏ మూలనున్న యే భాషవాడు తన మొఱ వినువాడు సరిహద్దు కావలనే యున్నాడని తలంచుచున్నాడో, వానియొద్దకు ముందు పొండు. తరువాత ఢిల్లీకి పొండు, బీజింగునకు పొండు, వాషింగ్టనునకు పొండు. ఇల్లు చక్కబెట్టుకొని వెడలినవాడు అతిథిగా పోవును. చక్కబెట్టుకొనక వెడలినవాడు యాచకుడుగా పోవును.

మా తరగతిలోని బాలునకు మేమేమి చెప్పితిమని చదువరులు అడుగవచ్చును. పటముమీద బళ్ళారి, అనంతపురము, కడపలను చూపి, "ఈ నేల 1800 లో ఎవరి పక్షము?" అని యడిగితిమి. వాడు కొంతసేపాలోచించి, "దున్నువాని పక్షము" అనెను. మఱునాడు నేపాళపు పాఠమును ఆ మాటతోనే యారంభించితిమి. చదువరులు తమ యింట సాయంకాలపు పత్రిక తెఱచునపుడు ఆ బాలుని యుత్తరమును ఒక్కమాఱు తలంతురు గాక.